ఆ నలుగురు, ఈ నలుగురు

కిందటి భాగాన్ని 1941 ఏప్రిల్ 3 తెల్లవారుజామున బుడాపెస్ట్‌లో ఆపాం. హంగరీ ప్రధాని పాల్ తెలెకి పిస్తోలుతో కాల్చుకుని చనిపోయాడు. యుగొస్లావియాతో శాశ్వత స్నేహం అంటూ ఆయన ప్రభుత్వం ఒప్పందం రాసుకుని అప్పటికి నాలుగు నెలలు కూడా నిండలేదు. ఇప్పుడు ఆ స్నేహితుడి మీదికే జర్మన్ సైన్యం దండెత్తుతానంటోంది. దానికి దారి ఇవ్వాలి, వెనకే తామూ వెళ్ళి వాటా పుచ్చుకోవాలి. దేశాధినేత హోర్తికి ఒక ఉత్తరం రాసిపెట్టి తెలెకి తన దారి తాను చూసుకున్నాడు. ఆయన చావు ఎవరినీ ఆపలేదు. ఎనిమిది రోజుల తర్వాత, ఏప్రిల్ 11న, హంగరీ సైన్యం సరిహద్దు దాటింది.

దాటి వెళ్ళిన చోట తొమ్మిది నెలలకి ఏం జరిగిందన్నది ఈ భాగం. ఇంతవరకూ ఉత్తరాలూ ఒప్పందాలూ పట్టుకుని నడిచాం. ఈసారి ఒక సినిమా వెంట వెళ్దాం. 1966లో అంద్రాష్ కోవాచ్ తీసిన ‘హిదెగ్ నపోక్’, అంటే చలిరోజులు. అంతకు రెండేళ్ళ ముందు టిబోర్ చెరెష్ అదే పేరుతో రాసిన నవల దీనికి ఆధారం. చరిత్ర చెబుతానని సినిమా కథ మొదలుపెట్టాడేమిటని కొందరు పాఠకులు నొసలు చిట్లించవచ్చు. తన సైన్యం చేసిన ఒక హత్యాకాండను గురించి ఒక దేశం నలుగురిలో మాట్లాడుకోవడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. ఆ మాటలు మొదలైంది ఈ నవలతో, ఈ సినిమాతో. కాబట్టి వీటిని కూడా చరిత్ర ఘటనలుగానే లెక్కించాలని నా వాదన.

ముందు ఊరు చూద్దాం. డాన్యూబ్, తీసా నదుల మధ్య పరుచుకున్న నల్లనేల మైదానం బాచ్కా. గోధుమకీ మొక్కజొన్నకీ పెట్టింది పేరు. సెర్బులు, హంగేరియన్లు, జర్మన్లు, యూదులు, స్లొవాక్‌లు, రుసిన్‌లు పక్కపక్క ఊళ్ళలో, చాలాచోట్ల ఒకే వీధిలో ఉండేవాళ్ళు. దాని పెద్ద పట్నం నోవీ సాద్. హంగేరియన్లు ఊయ్‌విదేక్ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఇదంతా హంగరీ రాజ్యంలోది. 1920 జూన్ 4న త్రియనాన్ ఒప్పందంతో హంగరీ తన భూభాగంలో మూడింట రెండు వంతులు పోగొట్టుకుంది. బాచ్కా యుగొస్లావియా వాటాకి వెళ్ళింది. తర్వాత ఇరవై ఏళ్ళూ హంగరీ బళ్ళలో పిల్లలు పోయిన నేల తిరిగి రావాలని ప్రార్థన చేస్తూ పెరిగారు. ఆ పిల్లలే 1941లో యూనిఫారాలు వేసుకుని బాచ్కాలో అడుగుపెట్టారు. తమది తమకు వచ్చిందన్న సంబరం ఒకవైపు. ఇక్కడున్న సెర్బులందరూ లోపల శత్రువులే అన్న అనుమానం మరోవైపు. 1918 తర్వాత వచ్చి స్థిరపడిన సెర్బు కుటుంబాలను వేల సంఖ్యలో తరిమేశారు. యూదుల మీద హంగరీలో అప్పటికే ఉన్న చట్టాలు ఇక్కడికీ వచ్చాయి.

1942 అనగానే మనకి ఆగస్టు, క్విట్ ఇండియా గుర్తొస్తాయి. నోవీ సాద్ వాళ్ళకి ఆ ఏడాది అంటే జనవరే. నోవీ సాద్‌కి తూర్పున, తీసా నది డాన్యూబ్‌లో కలిసే మూలలో షాయ్‌కష్కా అనే ప్రాంతం ఉంది. అక్కడ ఝబాల్ అనే ఊరి దగ్గర పార్టిజాన్ల, అంటే ఆక్రమణను ఎదిరించే గెరిల్లాల, చిన్న దళం ఒకటి దాక్కుంది. జనవరి మొదటి వారంలో హంగరీ గస్తీ బృందం దాని కంటబడింది, కాల్పులు జరిగాయి, హంగరీ వైపు కొందరు చనిపోయారు. సైనికంగా చూస్తే అది చిన్న ఘర్షణ. దళం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఆ తర్వాతే అసలు సంగతి మొదలైంది. పార్టిజాన్లను ఏరివేసే పేరుతో చురుగ్, ఝబాల్, తితెల్ ఊళ్ళలో సైన్యం, ఝాందార్మ్ పోలీసులు ఇల్లిల్లూ తిరిగి మగవాళ్ళను, ఆడవాళ్ళను, పిల్లలను చంపారు. ఊళ్ళయ్యాక పట్నం వంతు వచ్చింది.

జనవరి 20 రాత్రి నోవీ సాద్‌ను చుట్టుముట్టారు. 21 నుంచి 23 దాకా మూడు రోజులు ఊరు బయటి ప్రపంచానికి మూసేసి ఉంది. టెలిఫోన్లు లేవు. ఎవరూ ఇల్లు కదలకూడదని గోడల మీద ప్రకటనలు. గస్తీ బృందాలు కాగితాలు తనిఖీ చేసి అనుమానం ఉన్నవాళ్ళను పరిశీలన కమిటీల ముందుకి తెచ్చేవి. కమిటీ వదిలేసినవాళ్ళు ఇంటికి వెళ్ళవచ్చు. వదలనివాళ్ళను లారీ ఎక్కిస్తారు. మొదటి రోజు చావులు తక్కువే. పై అధికారులకి అది నచ్చలేదు. ఊళ్ళో ప్రతిఘటన ఉందని చూపించాలి, లేకపోతే ఇంత హంగామాకి అర్థం ఏముంది? రెండో రోజుకి ఎవరో సైనికుల మీద కాల్పులు జరిపారన్న వార్త పుట్టింది. మూడో రోజు, జనవరి 23, అన్నిటికన్నా ఘోరం.

డాన్యూబ్ ఒడ్డున ‘స్ట్రాండ్’ అనే చోటుంది. ఎండాకాలంలో ఊరంతా ఈతకి వెళ్ళే ఇసుకతీరం, బట్టలు మార్చుకునే చెక్క గదులు. ఆ జనవరిలో చలి సున్నాకి ఇరవై, ముప్పై డిగ్రీలు దిగువకి పోయింది. నది గడ్డకట్టింది. ఆ మంచును పగలగొట్టి గుంటలు చేశారు. జనాన్ని వరసలో నిలబెట్టారు. కోట్లు, బట్టలు విప్పించారు. కాల్చి మంచు కిందికి తోశారు. సాయంత్రానికి ఆపమని ఆదేశం వచ్చేసరికి వరసలో మిగిలినవాళ్ళను ఇళ్ళకి పొమ్మన్నారు. యుద్ధం తర్వాతి లెక్కల ప్రకారం ఒక్క నోవీ సాద్‌లోనే చనిపోయినవాళ్ళు 1,200కి పైగా. అందులో యూదులు 800 దాకా, సెర్బులు దాదాపు 400. పొరపాటున పోయిన హంగేరియన్లూ కొందరున్నారు. చుట్టుపక్కల ఊళ్ళతో కలిపితే మొత్తం 3,000 దాటుతుంది. వసంతం వచ్చి మంచు కరిగాక డాన్యూబ్ దిగువన శవాలు తేలడం మొదలైంది.

ఎందుకు చేశారన్న ప్రశ్నకి పగ, జాతిద్వేషం అన్న జవాబులు సులువుగానే దొరుకుతాయి. కొందరు చరిత్రకారులు వాటి పక్కన ఇంకోటి కూడా పెడతారు. సరిగ్గా అదే నెలలో హిట్లర్ దూతలు ఒకరి తర్వాత ఒకరు బుడాపెస్ట్ వచ్చారు. మొదట విదేశాంగ మంత్రి రిబెన్‌ట్రాప్, తర్వాత సైన్యాధిపతి కైటెల్. రష్యా రంగానికి హంగరీ తన సైన్యాన్ని పంపాలన్నది వాళ్ళ కోరిక. మా ఇంట్లోనే తిరుగుబాటు ఉంది, అంత సైన్యాన్ని బయటికి పంపలేం అని చెప్పడానికి ఒక తిరుగుబాటు చూపించాల్సి వచ్చిందా? పూర్తిగా రుజువు చేయగలిగిన వాదం కాదిది. అయితే చంపినవాళ్ళలో ఎందరు పార్టిజాన్లో చూస్తే దీన్ని కొట్టిపారేయడమూ కష్టమే.

ఈ కాండకి నాయకులుగా నాలుగు పేర్లు గుర్తుపెట్టుకోవాలి. లెఫ్టినెంట్ జనరల్ ఫెరెన్స్ ఫెకెతెహల్మి-చేయ్‌ద్నెర్. అతని కింద యోజెఫ్ గ్రాషి. కల్నల్ లాస్లో దేఆక్. ఝాందార్మ్ కెప్టెన్ మార్తొన్ జోల్ది. శీర్షికలో ‘ఆ నలుగురు’ వీళ్ళే.

విషయం దాగలేదు. పార్లమెంటు సభ్యుడు ఎంద్రె బాయ్‌చి-జిలిన్స్కి పదిరోజుల్లోనే దీన్ని సభా సంఘంలో లేవనెత్తాడు, ఫిబ్రవరి మొదట్లో హోర్తికి వివరమైన విజ్ఞాపన పంపాడు. ఈయన ఒకప్పుడు జాతివాద రాజకీయాల్లో మునిగి తేలినవాడు. అటువంటివాడు లేచి మన సైన్యం అమాయకులను చంపింది అనడం చిన్న విషయం కాదు. అప్పటి ప్రధాని బార్దోషి దీన్ని పార్టిజాన్ల మీద తీసుకున్న చర్యగానే చెప్పాడు. విచారణ అన్నారు, తర్వాత అదీ మూసేశారు.

మూసిన కేసు మళ్ళీ తెరిపించింది డాన్ నది. 1942లో రెండు లక్షల మందితో హంగరీ రెండో సైన్యం రష్యాకి వెళ్ళింది. 1943 జనవరిలో డాన్ ఒడ్డున సోవియట్ దాడికి అది చెల్లాచెదురైంది. లక్షకి పైగా మనుషులు చనిపోయారు, గాయపడ్డారు, పట్టుబడ్డారు. జర్మనీ ఓడిపోతుందని కొత్త ప్రధాని కాలైకి అర్థమైంది. బ్రిటన్, అమెరికాలతో చాటుగా మాటలు కలుపుతున్న ప్రభుత్వానికి చేతులు కాస్త కడుక్కోవాల్సిన అవసరం వచ్చింది. 1943 డిసెంబరులో నోవీ సాద్ కాండ మీద బుడాపెస్ట్‌లో సైనిక న్యాయస్థానం కూర్చుంది. ముద్దాయిలు 15 మంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. యుద్ధం జరుగుతోంది. హిట్లర్ మిత్రదేశం అది. ఆ దేశమే, ఇంకా ఓడిపోకముందే, తన జనరల్‌ను యూదులనీ సెర్బులనీ చంపించినందుకు బోనెక్కించింది. ఆ కూటమిలో ఇలాంటిది మరొకటి వెతికినా దొరకడం కష్టం. ప్రభుత్వం ఏ ఉద్దేశంతో చేసినా సాక్షులు మాట్లాడారు, వాంగ్మూలాలు రికార్డయ్యాయి. ఆ నేరం గురించి మనకి ఇవాళ ఇంత తెలియడానికి ఆ కోర్టు కూడా ఒక కారణం.

అయితే ముద్దాయిలను జైల్లో పెట్టలేదు. సైనికాధికారులు కదా, పారిపోమని మాటిస్తే చాలన్నారు. ఇచ్చారు. 1944 జనవరి మధ్యలో ఆ నలుగురూ వియన్నా పారిపోయారు. వాళ్ళు లేకుండానే పదేళ్ళు దాటిన శిక్షలు పడ్డాయి. రెండు నెలలు తిరక్కుండా, మార్చి 19న, జర్మన్లు హంగరీని ఆక్రమించారు. పారిపోయినవాళ్ళు జర్మన్ యూనిఫారాల్లో దర్జాగా తిరిగొచ్చారు. ఫెకెతెహల్మి-చేయ్‌ద్నెర్, గ్రాషి ఇద్దరూ ఎస్ఎస్ దళాల్లో జనరళ్ళయ్యారు. నోవీ సాద్‌లో మిగిలిన యూదులను ఏప్రిల్‌లో సినగోగ్‌లో పోగుచేసి ఆష్విట్జ్ రైలెక్కించారు. కాండను మొదట బయటపెట్టిన బాయ్‌చి-జిలిన్స్కిని అదే ఏడాది డిసెంబరు 24న హంగరీ ఫాసిస్టులు ఉరితీశారు.

తర్వాత చకచకా జరిగిపోయింది. యుద్ధం ముగిసింది, పారిపోయినవాళ్ళు దొరికారు, 1946లో హంగరీ ప్రజాన్యాయస్థానాలు మరణశిక్షలు వేశాయి, యుగొస్లావియా తమకి అప్పగించమంది, అప్పగించారు. ఆ శరత్తులో వాళ్ళు నేరం చేసిన నేల మీదే వాళ్ళ శిక్షలు అమలయ్యాయి. విచిత్రం ఏమిటంటే, 1943లో ఆ కోర్టును కూర్చోబెట్టిన ప్రధాన సైన్యాధికారి సొంబత్‌హేయినీ వాళ్ళతోపాటే అప్పగించారు. ఆయన్నీ నోవీ సాద్‌లోనే చంపారు.

* * *

సినిమా ఈ 1946లోనే మొదలవుతుంది. ఒక జైలు గది. విచారణ కోసం ఎదురుచూస్తున్న నలుగురు. మేజర్ బ్యూకి, లెఫ్టినెంట్ తర్పతకి, ఎన్‌సైన్ పొజ్‌దోర్, కార్పొరల్ సబో. వీళ్ళు చెరెష్ కల్పించిన పాత్రలు. ‘ఈ నలుగురు’ వీళ్ళు. ఆ నలుగురు కాండను నడిపించినవాళ్ళు, పేర్లు చరిత్రకెక్కినవాళ్ళు. ఈ నలుగురు ఆదేశం పైనుంచి కిందికి దిగే మెట్ల మీద నిలబడ్డవాళ్ళు. పెద్ద దుర్మార్గుడిని తెర మీదికి తెచ్చి చూడండి వీడే అని వేలు చూపిస్తే ప్రేక్షకుడు హాయిగా ఇంటికి వెళ్ళిపోతాడు. చెరెష్, కోవాచ్ ఆ సౌకర్యం లేకుండా చేశారు.

కథ నడిచే తీరు చూడండి. గదిలో కాలక్షేపానికి మాట్లాడుకుంటారు. ఒక్కొక్కరూ తనకి గుర్తున్నది చెబుతాడు. మాట మధ్యలో దృశ్యం 1942 మంచులోకి జారుతుంది, మళ్ళీ గదిలోకి వస్తుంది. వరసలో ఏదీ చెప్పరు. ఒకడి జ్ఞాపకంలో మొదలైన వీధి మరొకడి జ్ఞాపకంలో ముగుస్తుంది. ప్రేక్షకుడు ముక్కలు తానే కలుపుకోవాలి. కలుపుకుంటున్న కొద్దీ ఒక సంగతి తెలుస్తుంది. ఎవరి ముక్కలోనూ పూర్తి నేరం లేదు. ఆదేశం వచ్చింది, అందించాను. నేనున్నది వేరే చోట. ఉన్నా అడ్డుపడే అధికారం నాది కాదు. వాళ్ళ మాటల సారం ఇదే. తిలాపాపం తలా పిడికెడు అంటాం కదా, ఇక్కడ ఆ పిడికిట్లోంచి కూడా తలా కాస్త కింద రాల్చేసుకుంటుంటారు. మూడు వేల మంది చనిపోయారు. గదిలో చంపినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

గదిలో మర్యాద చెక్కుచెదరకుండా ఉంటుంది. నాకు అన్నిటికన్నా భయం పుట్టించింది అదే. జైల్లో కూడా హోదాలు పనిచేస్తాయి. మేజర్ మేజరే, కార్పొరల్ కార్పొరలే. వీళ్ళు రాక్షసులు కారు. చదువుకున్నవాళ్ళున్నారు, హాస్యం తెలిసినవాళ్ళున్నారు, తమకి గౌరవం ఉందని నిజంగా నమ్మినవాళ్ళున్నారు. ఆ గౌరవమే పారిపోమన్న మాటగా ఇచ్చి ఆ నలుగురు పారిపోయిన సంగతి మనకి తెలుసు గనక ఈ దృశ్యాలు చూస్తుంటే చేదుగా ఉంటుంది.

మేజర్ బ్యూకికి మిగతావాళ్ళకి లేని బాధ ఒకటుంది. ఆ మూడు రోజుల్లో అతని భార్య రోజా కనబడకుండా పోయింది. ఏమైందో అతనికి తెలియదు. నాలుగేళ్ళుగా తెలియదు. వింటూ ఉంటాడు, అక్కడక్కడా ఒక ప్రశ్న వేస్తాడు. చివరికి నది ఒడ్డున, మంచు గుంట దగ్గర పనిచేసిన కార్పొరల్ సబో నోరు విప్పుతాడు. నలుగురిలోకీ చదువు తక్కువవాడు అతనే, అందుకేనేమో సాకులూ అతని దగ్గరే తక్కువ. చేసిన పనిని పొలం పని చెప్పినట్టు వివరంగా చెప్పుకుపోతాడు. ఆ వివరాల్లో ఒక ఆడమనిషి వస్తుంది. బ్యూకికి అర్థమవుతుంది. అతను సబో మీద విరుచుకుపడతాడు.

ఈ ముగింపును కొందరు తప్పుపట్టవచ్చు. వేలమంది సెర్బులు, యూదులు పోయిన చోట ప్రేక్షకుడి గుండె కదలడానికి ఒక హంగేరియన్ అధికారి భార్యే కావాల్సి వచ్చిందా అని. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. నేను ఇంకోలా చూస్తాను. అంతసేపూ బ్యూకి ఆ చావులను ఒక లెక్కలాగే విన్నాడు. అతని ప్రశ్నలన్నీ ఒక్క మనిషి గురించే. తన మనిషి పేరు ఆ లెక్కలో కలిశాక గానీ అతనికి అవి హత్యలుగా వినబడలేదు. వినబడ్డాక కూడా అతని చెయ్యి లేచింది ఎవరి మీద? గదిలో అందరికన్నా కింది హోదావాడి మీద. ఆదేశం ఏ దారిన దిగిందో కోపమూ ఆ దారినే దిగింది.

బ్యూకి పాత్ర వేసింది జోల్తాన్ లతినోవిచ్. హంగరీ నటుల్లో ఆయన పేరు ఇప్పటికీ మొదట చెబుతారు. అదే ఏడాది విడుదలైన మిక్లోష్ యాంచో సినిమా ‘సెగెన్య్‌లెగేన్యెక్’లోనూ ఉన్నాడు. అదీ ఖైదీల కథే. పదేళ్ళ తర్వాత, 1976లో, బాలతోన్ సరస్సు దగ్గర రైలు కింద పడి పోయాడు. తర్పతకిగా చేసిన ఇవాన్ దర్వాష్ సంగతి వేరు. 1956 తిరుగుబాటులో పాల్గొన్నందుకు ఆయన నిజంగానే జైలుకి వెళ్ళొచ్చాడు. బయటికొచ్చాక కొన్నేళ్ళు నాటకాల్లోకి రానివ్వకపోతే ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఆ మొహాన్ని జైలు గదిలో చూస్తున్న 1966 ప్రేక్షకుడికి ఏం తోచి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. సబోగా ఆదామ్ సిర్తెష్, పొజ్‌దోర్‌గా టిబోర్ సిలాగి, రోజాగా మార్గిట్ బారా. కెమెరా ఫెరెన్స్ సేచేనీది. నలుపు తెలుపు సినిమా.

కాలం కూడా చూసుకోవాలి. 1961లో జెరూసలెంలో నాజీ అధికారి ఐక్‌మన్ విచారణ జరిగింది. 1963 నుంచి 65 దాకా ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆష్విట్జ్ కాపలాదారుల విచారణ. ఆదేశం పాటించాను అన్నవాడిని ఏం చెయ్యాలన్న ప్రశ్న యూరప్ అంతటా గాలిలో ఉంది. హంగరీకి దానిమీద అదనంగా సొంత బరువుంది. 1956 తిరుగుబాటును అణచి గద్దెనెక్కిన కాదార్ 1963లో ఖైదీలకి క్షమాభిక్ష పెట్టి, మాకు ఎదురు తిరగనివాడు మావాడే అన్న ధోరణిలోకి వచ్చాడు. సంస్కృతి వ్యవహారాలు చూసే గ్యోర్గ్ ఆచెల్ కళాకారులను మూడు తరగతులు చేశాడు. ప్రోత్సహించదగ్గవాళ్ళు, ఓర్చుకోదగ్గవాళ్ళు, నిషేధించాల్సినవాళ్ళు.

‘చలిరోజులు’ ఈ మూడింట్లో ఎక్కడ పడుతుంది? హోర్తి కాలం సైన్యం దుర్మార్గాలు చేసిందంటే కమ్యూనిస్టు ప్రభుత్వానికి పేచీ లేదు. అది వాళ్ళు రోజూ చెప్పేదే. ఆ మాట చాటునే సినిమా బయటికి రాగలిగింది. వచ్చాక ప్రేక్షకుడికి కనిపించింది హోర్తి కాలపు ఫాసిస్టు కాదు. తన బాబాయి, తన పై ఆఫీసరు, ఇరవై ఏళ్ళలో రెండు మూడు ప్రభుత్వాలకి సంతకాలు పెట్టి ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్న పక్కింటాయన. నవల వచ్చినప్పుడే దుమారం రేగింది, సినిమాతో అది పెద్దదైంది. 1968లో హంగరీ సినిమా వాళ్ళు తమ దేశపు మేటి చిత్రాలు పన్నెండు ఎంచి జాబితా వేసినప్పుడు వచ్చి రెండేళ్ళే అయిన ఈ సినిమా అందులో ఉంది.

చెరెష్, కోవాచ్‌లలో నాకు ఆసక్తిగా తోచే పోలిక ఒకటుంది. ఇద్దరూ ట్రాన్సిల్వేనియాలో పుట్టినవాళ్ళు. చెరెష్ 1915లో, అది ఇంకా హంగరీలో ఉన్నప్పుడు. కోవాచ్ 1925లో, అప్పటికి త్రియనాన్ దాన్ని రొమేనియాకి ఇచ్చేసింది. నేల చేజారిపోవడమంటే ఏమిటో, పరాయి రాజ్యంలో మైనారిటీగా బతకడమంటే ఏమిటో వాళ్ళకి పాఠ్యపుస్తకంలో చదవాల్సిన పనిలేదు. చెరెష్ యుద్ధకాలంలో సైన్యంలోనూ పనిచేశాడు. పోయిన నేల కోసం హంగరీ ఏడ్చిన ఏడుపు తెలిసిన ఇద్దరు, ఆ నేలలో ఒక ముక్క తిరిగొచ్చినప్పుడు హంగరీ అక్కడ ఏం చేసిందో చెప్పారు. ఇదే మాట బుడాపెస్ట్‌లో పుట్టి పెరిగినవాడు చెబితే వాడికేం తెలుసు మా బాధ అని తోసిపుచ్చడం సులువయ్యేది.

అయినా ఈ సినిమా ఒక్కదాన్నే చూసి నోవీ సాద్ తెలిసిందనుకుంటే పొరపాటు. ఇది చంపినవాళ్ళ గది. చనిపోయినవాళ్ళు ఇందులో ఎక్కువసేపు మాట్లాడరు. వాళ్ళ కోసం నది అవతలి సాహిత్యంలోకి వెళ్ళాలి. రచయిత దనీలో కిష్‌కి 1942 జనవరిలో ఏడేళ్ళు నిండలేదు. వాళ్ళ కుటుంబం నోవీ సాద్‌లో ఉండేది. యూదుడైన తండ్రి ఎడువార్డ్‌ను నది ఒడ్డుకి తీసుకెళ్ళారు. మంచు గుంట శవాలతో మూసుకుపోవడంతో ఆయన బతికి ఇంటికొచ్చాడని కిష్ చెప్పేవాడు. తిరిగొచ్చిన తండ్రి మళ్ళీ మునుపటి మనిషి కాలేదు. 1944లో ఆష్విట్జ్ వెళ్ళి ఇక రాలేదు. కిష్ జీవితమంతా ఆ తండ్రినే రాశాడు. 1972లో వచ్చిన ‘పెష్చానిక్’ నవల అందులో ముఖ్యమైనది. అదే ఏడాది నోవీ సాద్ రచయిత అలెక్సాందర్ తిష్మా, తల్లిదండ్రులను ఆ దాడిలో పోగొట్టుకుని తాను మిగిలిపోయిన బ్లామ్ అనే మనిషి కథ రాశాడు. వీలున్నవాళ్ళు ముందు సినిమా చూసి, తర్వాత ఆ రెండు పుస్తకాలు చదివితే మూడు వైపుల నుంచీ ఆ నది కనబడుతుంది. డాన్యూబ్ ఒడ్డున ఇవాళ యోవాన్ సొల్దాతొవిచ్ చెక్కిన శిల్పం ఉంది. సన్నగా, పొడుగ్గా నిలబడ్డ ఒక కుటుంబం. 1971లో పెట్టారు. ఏటా జనవరి 23న అక్కడ సభ జరుగుతుంది.

జైలు గది సంభాషణ 1946తో అయిపోయిందనుకోవడానికి లేదు. షాందోర్ కెపీరో అనే ఝాందార్మ్ అధికారి నోవీ సాద్ దాడిలో ఒక బృందాన్ని నడిపాడు. 1944 తీర్పులో అతనికి పదేళ్ళు పడ్డాయి. జర్మన్లు వచ్చాక ఆ శిక్ష రద్దయింది. యుద్ధం తర్వాత మరోసారి, అతను లేకుండానే, శిక్ష పడింది. అప్పటికే దేశం దాటి, తర్వాత అర్జెంటీనాలో అర్ధశతాబ్దం గడిపాడు. 1996లో బుడాపెస్ట్ తిరిగొచ్చి సొంత పేరుతోనే, ఒక సినగోగ్‌కి ఎదురుగా కాపురం పెట్టాడు. 2006లో నాజీ నేరస్థులను వెతికే ఎఫ్రయిమ్ జురోఫ్ అతన్ని బయటపెట్టాడు. 2011లో, తొంభై ఏడేళ్ళ వయసులో, బోనెక్కాడు. కాగితం మీద ఆదేశం అడిగానని, తాను ఎవరినీ చంపలేదని అన్నాడు. జులైలో కోర్టు నిర్దోషిగా వదిలేసింది. సెప్టెంబరులో చనిపోయాడు. ఆ వాంగ్మూలం వార్తల్లో చదివినప్పుడు నాకు చెరెష్ రాసిన గదిలో ఐదో మంచం వేసినట్టనిపించింది.

చెరెష్ అక్కడితో ఊరుకోలేదు. 1991లో, చనిపోవడానికి రెండేళ్ళ ముందు, ఇదే బాచ్కా మీద ఇంకో పుస్తకం తెచ్చాడు. అది 1944 శరత్తు సంగతి. హంగరీ సైన్యం వెనక్కి తగ్గాక వచ్చిన పార్టిజాన్లు ఈసారి హంగేరియన్ల ఇళ్ళు తట్టారు. ఎవరు చంపారు, ఎవరు చంపలేదు అని విడదీయకుండా చురుగ్, ఝబాల్, మొషోరిన్ ఊళ్ళలోని హంగేరియన్లందరినీ కలిపి నేరస్థులన్నారు. బతికున్నవాళ్ళను ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు. 2013 జూన్‌లో హంగరీ అధ్యక్షుడు, సెర్బియా అధ్యక్షుడు కలిసి చురుగ్ వచ్చి రెండు వైపుల చనిపోయినవాళ్ళకీ తలవంచే దాకా ఆ ఊరి పేరు రెండు దేశాల్లో రెండు రకాలుగా పలుకుతూనే ఉన్నారు.

యుగొస్లావియాలో కమ్యూనిస్టు పాలన ఉన్నంతకాలం ఈ రెండో లెక్క గురించి గట్టిగా మాట్లాడిన మనిషి లేడు. నోవీ సాద్‌కి పార్టిజాన్లు వచ్చింది 1944 అక్టోబరు 23న. వచ్చే భాగం ఆ రోజు దగ్గర మొదలవుతుంది.